కీ ప్రకారం ముగిసిన యుద్ధం

రాష్ట్ర కొలువుల మండలి చైర్మన్ పుష్కరరావు గారు పదకొండు రోజులు అమెరికాలో పర్యటించి వచ్చారు. వెళ్లేటప్పుడు ఆయనకు బీపీ, షుగరు మాత్రమే ఉండేవి. వచ్చేటప్పుడు వాటికి తోడు ఒక దృక్పథం కూడా పట్టుకుంది.

విమానం దిగి నేరుగా ఆఫీసుకే వచ్చి సభ్యులందర్నీ సమావేశపరిచారు.

"అక్కడ జనం లైన్లో నిలబడతారయ్యా! ఎవరూ చెప్పకుండానే నిలబడతారు. రోడ్డు మీద ఉమ్మరు. హారన్ కొట్టరు. ఎందుకంటారు?"

జవాబు కూడా చైర్మన్ గారే చెప్పారు.

"వాళ్లకు చరిత్ర తెలుసు."

"ఏ చరిత్రండీ?" అని ఒక సభ్యుడు సాహసించాడు.

"అమెరికా చరిత్ర. మనవాళ్లలో అది ఎంతమందికి తెలుసు? తెలీదు. అందుకే ఉమ్ముతున్నారు."

వారం తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. "పౌరసేవకుల దృక్పథ విస్తరణార్థము, ఇకమీదట మండలి నిర్వహించు సమస్త పరీక్షలయందును 'అమెరికా చరిత్రలో కీలక రాజకీయ, సామాజిక, సైనిక మలుపులు' అను యాభై మార్కుల పత్రము తప్పనిసరి చేయడమైనది. పోస్టు స్వభావముతో నిమిత్తము లేదు."

నిమిత్తం లేదన్న మాటను మండలి అక్షరాలా పాటించింది. మంచినీటి పంపు తిప్పే ఉద్యోగానికి వచ్చినవాళ్లు లింకన్ ఏ సంవత్సరం అధ్యక్షుడయ్యాడో చెప్పి మరీ పంపు తిప్పారు. అడవి కాపలాకు వచ్చినవాళ్లు పెర్ల్ హార్బర్ మీద బాంబులు ఎప్పుడు పడ్డాయో కంఠతా పట్టారు. పల్లెల్లో పసిపిల్లలకు టీకాలు వేయాల్సిన నర్సమ్మలు అమెరికా ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చిన ఏడాదిని అరచేతిలో రాసుకుని పట్టుబడ్డారు. ఇంత జరిగినా రోడ్ల మీద ఉమ్మడం తగ్గలేదు. దృక్పథం విస్తరించడానికి వ్యవధి పడుతుందని మండలి ప్రకటన చేసింది.

ఆ తర్వాత మత్స్యశాఖలో పదకొండు అభివృద్ధి అధికారి పోస్టులు పడ్డాయి.

శ్రీకాకుళం జిల్లాలో ఏరు సముద్రంలో కలిసేచోట పాతమొగ అని ఒక ఊరుంది. ఆ ఊళ్లో మైలపల్లి అప్పన్నకు ఒక పడవ, ఒక కూతురు. కూతురి పేరు దేముడమ్మ. మత్స్యశాస్త్రంలో డిగ్రీ చదివింది. చేప మొప్ప ఎత్తి చూసి అది నీళ్లలోంచి బయటకొచ్చి ఎన్ని గంటలైందో చెప్పగలదు. నీటి రంగు చూసి కవ్వ చేపలు ఏ వైపుకు వస్తాయో చెప్పగలదు. అటువంటి మనిషి ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడమే ఒక విధంగా పొరపాటు. కానీ అది ఆమెకు అప్పటికి తెలియదు.

చేపల పేపరుకు ఆమె చదవాల్సిందేమీ లేదు. అమెరికా పేపరుకు మాత్రం ఎనిమిది నెలలు చదివింది. వారానికి రెండుసార్లు బస్సెక్కి పట్నం వెళ్లేది. అక్కడ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా చరిత్ర చెబుతున్న ఇప్పిలి కామేశం మాస్టారు, సాయంత్రాలు గ్రంథాలయంలో ఉచితంగా పాఠాలు చెప్పేవారు. మిగిలిన రోజుల్లో ఒడ్డున వలల పాకలో కూర్చుని పైకి చదువుకునేది.

ఒకరోజు అప్పన్న వల బాగుచేస్తూ అడిగాడు.

"పొద్దున్నుండీ ఏటమ్మా అది?"

"అమెరికా అంతర్యుద్ధం నాన్నా. వాళ్లలో వాళ్లే కొట్టుకున్నారు. ఉత్తరం వాళ్లూ దక్షిణం వాళ్లూ."

"దేనికి? ఏటకాడ జాగా గొడవేటి?"

"కాదు నాన్నా. నల్లవాళ్లని పట్టుకొచ్చి సంతలో అమ్మీవారు. తల్లిని ఒకడికి, పిల్లని ఒకడికి."

అప్పన్న చేతిలో సూది ఆగిపోయింది. "తల్లినొకడికీ పిల్లనొకడికీనా?"

"ఊఁ."

"ఆపీసారా మరి?"

"నాలుగేళ్లు యుద్ధం చేసీక ఆగింది. ఆరు లక్షల మంది పైనే చచ్చిపోయారు. పద్దెనిమిది వందల అరవై అయిదులో ముగిసింది."

అప్పన్న ఆ పూట వల ముడులు రెండుసార్లు తప్పు వేసి విప్పుకున్నాడు.

పరీక్ష అయింది. ఫలితాలు వచ్చాయి. చేపల పేపరులో దేముడమ్మకు రాష్ట్రంలోనే అందరికంటే ఎక్కువ వచ్చాయి. మొత్తం మీద మాత్రం పన్నెండో ర్యాంకు. పదకొండో ర్యాంకుకు ఒక్క మార్కు తేడా.

ఆ మార్కు అమెరికా పేపరులో ముప్ఫై ఏడో ప్రశ్న దగ్గర పోయింది. "అమెరికా అంతర్యుద్ధము ముగిసిన సంవత్సరమేది?" మండలి ప్రకటించిన కీ ప్రకారం జవాబు: 1856.

ఇదెలా జరిగిందో చెప్పాలి. ప్రశ్నలు తయారుచేసిన పెద్దమనిషి గడుసువాడు. అభ్యర్థుల్ని తికమక పెట్టడానికి ప్రతి ప్రశ్నలోనూ అసలు సంవత్సరం పక్కనే చివరి రెండంకెలూ తారుమారు చేసిన సంవత్సరం కూడా పెట్టేవాడు. అభ్యర్థులు చాలామంది తప్పించుకున్నారు. కీ తయారుచేసిన సెక్షన్ వాళ్లు పడ్డారు.

దేముడమ్మ ఎనిమిది పుస్తకాల్లోని పేజీలు జతచేసి అభ్యంతరం పంపింది. నెల రోజులకు జవాబొచ్చింది.

"అభ్యర్థిని జతపరచిన ఏడు పుస్తకములు ప్రైవేటు వ్యక్తులు రచించినవి. కీ అనునది ప్రభుత్వ సంస్థ జారీ చేసినది. కావున కీ యొక్క విలువ హెచ్చు. ఎనిమిదవది ప్రభుత్వ పాఠ్యపుస్తకమే అయినను అది విద్యాశాఖ వారిది. శాఖల మధ్య వ్యవహారములలో అభ్యర్థులు తలదూర్చరాదు. కీ అంతిమము."

ఆమె ట్రిబ్యునల్‌కు వెళ్లింది. ట్రిబ్యునల్ వారు ఒక్క చూపు చూసి, కీని నిపుణుల చేత పరిశీలింపజేసి కారణాలు రాయండి అని మండలిని ఆదేశించారు. మండలి ముగ్గురు నిపుణులతో కమిటీ వేసింది. ఒకరు చిన్ననీటి పారుదల శాఖలో రిటైరైన చీఫ్ ఇంజనీరు. ఒకరు పశుసంవర్ధక శాఖ జాయింట్ డైరెక్టరు. కమిటీలో చరిత్ర తెలిసినవాడు ఒకడైనా ఉండాలని ట్రిబ్యునల్ పట్టుబట్టడంతో, మూడోవారిగా కామేశం మాస్టార్ని పిలిపించారు.

మండలి కార్యదర్శి సదాశివమూర్తి గారు సమావేశాన్ని ప్రారంభించారు.

"సభ్యులు గమనించవలసిన పాయింటేమిటంటే, కీ మారిస్తే ర్యాంకులు మారతాయి. ర్యాంకులు మారితే నియామకాలు మారతాయి. పదకొండుమందీ శిక్షణలో ఉన్నారు. యూనిఫారాలు కుట్టించాం. కాబట్టి యుద్ధం పద్దెనిమిది వందల యాభై ఆరులో ముగియడం పరిపాలనాపరంగా తప్పనిసరి. దానికి కారణాలు మీరు కనిపెట్టాలి."

"అయ్యా, అసలు మొదలైందే అరవై ఒకటిలో కదండీ," అన్నారు మాస్టారు. "మొదలవడానికి ఐదేళ్ల ముందే ఎలా ముగుస్తుంది?"

"అందులో వింతేముంది?" అన్నారు చీఫ్ ఇంజనీరు. "మొదలు కాకుండానే పూర్తయిన చెరువులు నా సర్వీసులో పద్నాలుగున్నాయి."

"అరవై ఒకటిలో మొదలైనట్టు మన ఏ కీలో ఉంది మాస్టారూ?" అని కార్యదర్శి అడిగారు.

"కీలో లేదండీ. జరిగింది."

"జరిగినవన్నీ పట్టించుకుంటే పరిపాలన సాగదు. నాలుగేళ్ల యుద్ధం అంటున్నారు కదా? యాభై రెండులో మొదలుపెట్టండి."

మాస్టారు కాగితం మీద 1852 అని రాశారు. కానీ అక్కడితో అయిపోలేదు. పాత ఫైళ్లు తిరగేస్తుంటే పంపు ఆపరేటర్ల పరీక్ష కీ బయటపడింది. అందులో లింకన్ అధ్యక్షుడైంది 1861 అని ఉంది. ఆ ఏడాది కీ పొరపాటున సరిగ్గా వచ్చింది. అదీ అంతిమమే.

"అంటే యుద్ధం అయిపోయిన ఐదేళ్లకు లింకన్ వచ్చాడా?" అన్నారు మాస్టారు తల పట్టుకుని.

"పోనీలెండి పాపం," అన్నారు పశువుల జాయింట్ డైరెక్టరు. "ఆయన ఆ రక్తపాతం చూడకుండా గడిచిపోయింది. మంచిదే కదా?"

"బానిసలకు విముక్తి ప్రకటించింది ఆయనే గదండీ! ఆ యుద్ధం మధ్యలోనే గదండీ!"

"ప్రకటిస్తాడు. యుద్ధంతో పనిలేకుండా, ప్రశాంతంగా ప్రకటిస్తాడు. ఫైలు పెండింగులో ఉండి ఉంటుంది," అన్నారు కార్యదర్శి.

అలా మొదలైన సవరణ మూడు వారాలు సాగింది. ఒక కీని నిలబెడితే ఇంకో కీ అడ్డం వచ్చేది. అన్ని కీలూ అంతిమాలే కాబట్టి, చరిత్ర ఒక్కటే సర్దుకోవలసి వచ్చింది. స్వాతంత్ర్య ప్రకటన 1776 బదులు 1767లో జరిగింది. బోస్టన్ రేవులో టీ పెట్టెలు సముద్రంలో పారబోసింది 1773లో. దాన్ని మండలి ఏ పరీక్షలోనూ అడగలేదు కాబట్టి కదపలేదు. ఫలితంగా అమెరికన్లు స్వతంత్రులైన ఆరేళ్లకు తమ టీని తామే సముద్రంలో పారబోసుకున్నారని, అది వారి ఆంతరంగిక వ్యవహారమని కమిటీ రాసింది. పెర్ల్ హార్బర్ మీద దాడి అడవి గార్డుల కీ ప్రకారం 1914. మొదటి ప్రపంచ యుద్ధం మొదలైందీ అప్పుడే. రెండు యుద్ధాల బదులు ఒక్కటి సరిపోతుందని చీఫ్ ఇంజనీరు సూచించారు. ఆ కలం పోటుతో కొన్ని కోట్ల ప్రాణాలు మిగిలాయి. ఇంతటి మానవతా కార్యక్రమాన్ని ఏ ప్రభుత్వమూ ఇంత తక్కువ సిబ్బందితో చేయలేదు.

ఈ వివరాలన్నిటితో "సమన్వయ అమెరికా చరిత్ర" అనే పుస్తకం సిద్ధమైంది. మీద చైర్మన్ గారి ఫొటో వేశారు. కిందటి తరాలు చేసిన పొరపాట్లను సరిదిద్దే అవకాశం తమకు దక్కినందుకు ఆయన ముందుమాటలో హర్షం ప్రకటించారు.

సంతకాల రోజు మాస్టారు కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

"మీకు ఇంకా ఎంత సర్వీసుందండీ?" అని కార్యదర్శి ఆప్యాయంగా అడిగారు.

"నాలుగు నెలలండీ."

"పదవీ విరమణ కాగితాలు మా దగ్గరికే వస్తాయనుకుంటాను. ఎక్కడా ఆగకుండా నేను చూసుకుంటాలెండి."

మాస్టారు సంతకం పెట్టేశారు.

నివేదిక దేముడమ్మకు పోస్టులో చేరింది. ఆమె దాన్ని బస్టాండులో నిలబడే మొత్తం చదివింది. చివర సంతకాల్లో మూడో పేరు చూసి, మళ్లీ మొదటినుంచి చదివింది. మర్నాడే రాజధానికి బయల్దేరింది.

ఉదయం పదకొండింటికి ఆమె కార్యదర్శి గదిలోకి వెళ్లేసరికి ఆయన ఫోన్లో ఉన్నారు. ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుంది. బంట్రోతు పరుగెత్తుకొచ్చాడు.

"అది నిపుణుల కుర్చీ తల్లీ. అభ్యర్థులు నిలబడాలి. రూలుంది."

"నేను నిలబడే వచ్చానయ్యా. నిన్నటినుంచి."

కార్యదర్శి ఫోన్ పెట్టేశారు. "ఏంటమ్మా నీ సమస్య? నివేదిక పంపించాం కదా?"

"చదివానండీ. యుద్ధం యాభై ఆరులో ముగిసిందని మండలి కాకుండా ఈ ప్రపంచంలో ఇంకెవరు అన్నారో ఒక్క పేరు రాసివ్వండి. వెళ్లిపోతాను."

"చదువుకున్నదానివి. ఒక్క మార్కు కోసం ఇంత మొండితనమా?"

"మార్కు కోసమే వచ్చానండీ, అబద్ధమెందుకు? కానీ పుస్తకం చదివాక మార్కు సంగతి మర్చిపోయాను. తల్లినొకడికీ పిల్లనొకడికీ అమ్మినవాళ్ల మీద యుద్ధం జరిగిందండీ. మీరు అది ఎందుకు జరిగిందో కూడా లేకుండా చేశారు. లింకన్ ప్రశాంతంగా ప్రకటించాడని రాశారు. ఆ చచ్చిపోయిన ఆరు లక్షల మందీ మరి దేనికి చచ్చిపోయారండీ?"

"దానికి సంబంధించిన ప్రశ్న మేం అడగలేదు," అన్నారు కార్యదర్శి. "లేచి బయటకు వెళ్లు."

"లేవనండీ."

మధ్యాహ్నానికి ఆఫీసంతా ఆ గది చుట్టూ మూగింది. కార్యదర్శి వేరే గదికి మారారు. కొత్త గదిలోకి ఫైళ్లు మోసుకెళ్లలేక బంట్రోతు విసుక్కున్నాడు. రూల్సు పుస్తకం తిరగేస్తే కుర్చీలో కూర్చున్న అభ్యర్థిని లేపే అధికారం ఎవరికుందో రాసి లేదు. కూర్చోరాదని మాత్రమే ఉంది. కూర్చున్నాక ఏం చేయాలో మండలి ఊహించలేదు. ఆఖరికి ఒక మహిళా హోంగార్డును పిలిపించారు. ఆవిడ వచ్చి, సంగతంతా విని, "నాకూ అమెరికా పేపరులోనే పోయిందమ్మా కానిస్టేబులు ఉద్యోగం," అని పక్క స్టూలు మీద కూర్చుంది.

ఆ రోజే మాస్టారు పుస్తకం ప్రూఫులు దిద్దడానికి అదే ఆఫీసుకు వచ్చారు. చేతిలో 1955 నాటి సంఘటన ఉన్న పేజీ ఉంది. మాంట్‌గోమరీ పట్నంలో బస్సెక్కిన ఒక నల్లజాతి స్త్రీ, తెల్లవాడి కోసం సీటు ఖాళీ చెయ్యమంటే లేవనన్నది. అక్కడినుంచి ఒక పెద్ద ఉద్యమం పుట్టింది. 1955లో చివరి రెండంకెలూ ఒకటే కాబట్టి తారుమారు చేయడానికి ప్రశ్నలు రాసినాయనకు వీలు చిక్కలేదు. పుస్తకం మొత్తంలో ఉన్నచోటే ఉండిపోయిన కొద్ది సంగతుల్లో అది ఒకటి. అప్పుడు బస్సు డ్రైవరు చెబితే లేవని ఆ మనిషిని ఇప్పుడు మండలి కూడా కదల్చలేకపోయింది.

మాస్టారు గుమ్మం దగ్గర ఆగిపోయారు. దేముడమ్మ ఆయన్ని చూసి, అప్పటిదాకా లేవని మనిషి, లేచి నిలబడింది.

"కూర్చోమ్మా," అన్నారాయన.

"మాస్టారూ, సంతకం మీదేనా?"

"నాదే."

"అరవై అయిదు అని మీరే కదండీ చెప్పారు? గ్రంథాలయంలో, బోర్డు మీద రాసి, కింద రెండు గీతలు కూడా గీశారు."

మాస్టారు ప్రూఫులు బంట్రోతు చేతికిచ్చి మెట్లు దిగి వెళ్లిపోయారు. ఐదింటికి ఆఫీసు మూసే వేళకు దేముడమ్మ కూడా లేచింది. ఆమె కూర్చున్నంతసేపూ రాసివ్వడానికి ఒక్క పేరూ మండలికి దొరకలేదు.

ట్రిబ్యునల్ విచారణకు కమిటీ తరఫున చరిత్ర తెలిసిన సాక్షిగా మాస్టార్ని మండలే పిలిపించింది. మండలి న్యాయవాది వాదన మొదలుపెట్టారు.

"అయ్యా, యుద్ధం ఎప్పుడు ముగిసినా, ఎంపిక ప్రక్రియ ముగిసింది. ముగిసిన రెండింటిలో మొదటిది విదేశీ వ్యవహారం. రెండోది మాత్రమే ఈ ట్రిబ్యునల్ పరిధిలోకి వస్తుంది. ఇక నిపుణుల ఏకగ్రీవ అభిప్రాయం సాక్షి చెబుతారు. మాస్టారూ, యుద్ధం ఏ సంవత్సరంలో ముగిసింది?"

"పద్దెనిమిది వందల అరవై అయిదు, ఏప్రిల్."

న్యాయవాది దగ్గారు. "సాక్షి కాస్త ఆలోచించుకుని చెప్పాలి."

"ముప్ఫై ఒక్క ఏళ్లు చెప్పానండీ. ఇప్పుడు కొత్తగా ఆలోచించేదేముంది? అరవై ఒకటిలో మొదలైంది. అరవై అయిదులో ముగిసింది. ఆ పుస్తకం మీద సంతకం నాదే. భయపడి పెట్టాను. ఆ భయం కూడా రికార్డు చేసుకోండి."

హాల్లో ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగారు. దేముడమ్మ వెనక వరసలో కూర్చుని కళ్లు తుడుచుకుంది.

మండలి అప్పటికప్పుడు వాదన మార్చింది. నిపుణుడనేవాడు కమిటీ నిర్ణయానికి కట్టుబడి ఉండాలి. ఈయన కట్టుబడలేదు. కాబట్టి ఈయన నిపుణుడు కాడు. నిపుణుడు కానివాడి సాక్ష్యం చెల్లదు. ట్రిబ్యునల్ వారు దీన్ని శ్రద్ధగా విని, అటువంటప్పుడు నిపుణుడు కానివాడు కూర్చున్న కమిటీ నివేదిక కూడా చెల్లదు కదా అన్నారు. ఆ చిక్కు విప్పడానికి మూడు వాయిదాలు పట్టింది. చివరకు తీర్పు వచ్చింది. యుద్ధం ఎప్పుడు ముగిసిందనే విద్యావిషయక వివాదంలోకి తాము వెళ్లబోమని, ముప్ఫై ఏడో ప్రశ్నను రద్దుచేసి, ఎవరికీ అన్యాయం జరగకుండా ఆ మార్కును అభ్యర్థులకు కలపాలని.

పాతమొగలో ఆ కబురు తెలిసి అప్పన్న మిఠాయి పంచాడు. మార్కు కలిస్తే ఆఖరి అభ్యర్థితో సమానం. సమానమైతే చేపల పేపరులో ఎక్కువ వచ్చినవారికే ఉద్యోగం. లెక్క తేలికైనదే.

మండలి లెక్క ఇంకా తేలిక. "అభ్యర్థులకు" అన్నారు గానీ ఫలానా అభ్యర్థులకు అనలేదు గనుక, అందరికీ ఒక మార్కు కలిపింది. 1856 అని పెట్టి ఇదివరకే మార్కు తెచ్చుకున్నవాళ్లకు కూడా ఇంకొకటి కలిపింది. దేముడమ్మ పన్నెండో ర్యాంకులోనే ఉంది. సమానత్వ సూత్రాన్ని ఇంత నిష్ఠగా పాటించిన సందర్భం మండలి చరిత్రలో లేదని చైర్మన్ గారు పత్రికలవారికి చెప్పారు.

మాస్టారి పదవీ విరమణ రోజున కాలేజీలో సన్మానం జరగలేదు. నిపుణుడు కాని చరిత్ర ఉపన్యాసకుణ్ణి ఏ హోదాలో సన్మానించాలో తెలపమని ప్రిన్సిపాలు పై ఆఫీసుకు రాశాడు. జవాబు రాలేదు. ఆ సాయంత్రం మాస్టారు గ్రంథాలయానికి వెళ్లి ఎప్పటిలాగే పాఠం చెప్పారు. ఒక కుర్రాడు లేచి, "పరీక్షకు ఏది రాయమంటారు సార్?" అని అడిగాడు.

"పరీక్షకు ఏది రాయాలో మండలినే అడగండి బాబూ. ఏం జరిగిందో తెలుసుకోవాలంటే నన్ను అడగండి," అన్నారాయన. ఆ రోజు సగం మంది లేచి వెళ్లిపోయారు. సగం మంది కూర్చున్నారు.

దేముడమ్మ రొయ్య పిల్లల హేచరీలో పనికి కుదిరింది. పాతమొగకు మత్స్య అభివృద్ధి అధికారిగా వడ్డాది నిఖిలేష్ అనే యువకుడు వచ్చాడు. పదకొండో ర్యాంకు అతనిదే. మంచివాడు. వచ్చిన మొదటి వారం తీరం మీద తిరిగి, బుట్టలో తళతళలాడుతున్నవాటిని చూపించి, "ఇవేం చేపలండీ?" అని అడిగాడు.

"కానాగంతలు," అంది దేముడమ్మ.

"ఎలా రాయాలండీ?"

ఆమె అతని రిజిస్టరు తీసుకుని రాసిచ్చింది. అతను తటపటాయించి, "ఆ ముప్ఫై ఏడో ప్రశ్నకు నాకు జవాబు తెలీదండీ. బెల్లు కొడుతుంటే ఏదో ఒకటి పెట్టేశాను," అన్నాడు.

"తెలుసండీ. తెలిసినవాళ్లెవరూ అది పెట్టరు," అంది.

అతనికి కోపం రాలేదు. తర్వాత నెలనెలా నివేదికలు ఆమె చేతనే రాయించుకున్నాడు. వలలు పోయినవాళ్ల వివరాలు, పడవల వివరాలు ఆమె రాస్తే తప్పు పోయేవి కావు కాబట్టి, ఊరి కోసం ఆమె రాసేది.

ఇంతలో చైర్మన్ గారి దృక్పథం రెండో దశలోకి అడుగుపెట్టింది. ఉద్యోగులకు చరిత్ర తెలిస్తే చాలదు, ప్రజలకూ తెలియాలి. ఆయన సిఫారసు మీద కొత్త ఉత్తర్వు వచ్చింది. రేషను కార్డు, పశువుల బీమా, పడవ లైసెన్సు ఏది కావాలన్నా అమెరికా చరిత్రలో ఇరవై మార్కులకు ఒక్క ప్రశ్నతో మౌఖిక పరీక్ష. జవాబులు "సమన్వయ అమెరికా చరిత్ర" ప్రకారమే ఉండాలి.

వేట నిషేధం ముగిసే ముందు రోజు పొద్దున్నే పాతమొగ ఒడ్డున బల్ల వేశారు. నిఖిలేష్ యూనిఫారంలో చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. ముందు లైన్లో నలభై మంది నిలబడ్డారు. ఆ సంగతి తెలిస్తే చైర్మన్ గారు ఎంతో సంతోషించేవారు. చాలామందికి ఏమీ తెలియదు. తెలియనివాళ్లకు నిఖిలేషే గొంతు తగ్గించి జవాబు అందించి, వాళ్ల చేత మళ్లీ పలికించి, మార్కులు వేస్తున్నాడు. అలా పదిహేను పడవలకు లైసెన్సులు వచ్చాయి.

పదహారోవాడు అప్పన్న. పక్కనే, ఫారాలు నింపిపెడుతూ, దేముడమ్మ కూర్చుని ఉంది.

నిఖిలేష్ ప్రశ్నల కాగితం చూశాడు. ఎర్రబడ్డాడు. ఆ ప్రశ్న మార్చి ఇంకోటి అడుగుదామని చూశాడు గానీ వరస తప్పితే పై ఆఫీసువాళ్లు ఒప్పుకోరు.

"అమెరికా అంతర్యుద్ధం ఎప్పుడు ముగిసింది, అప్పన్నగారూ?"

నిఖిలేష్ ముందుకు వంగి, పెదవులు కదిపీ కదపకుండా, "యాభై ఆరు అనేయండి," అన్నాడు.

అప్పన్న కూతురి వైపు చూశాడు. ఆమె ఫారం మీంచి తల ఎత్తలేదు.

"నాకు తెలుసు బాబూ," అన్నాడు అప్పన్న. "మా పిల్లకీ తెలుసు. ఆ మాస్టారికీ తెలుసు. తెలిసినోల్లకి ఏటయిందో సూసేను. ఆయనకి మరేద పోయింది, దీనికి ఉజ్జోగం పోయింది. రేపు నాను ఏటకెల్లాల. అందుకని నాకు తెల్దు, రాసుకోండి. అంతేగానీ యాబయ్యారని మట్టుకు నా నోటంట రాదు."

నిఖిలేష్ రిజిస్టరు వంక చూశాడు. తప్పుకు ఒక గడి ఉంది, ఒప్పుకు ఒక గడి ఉంది. తర్వాత అప్పన్న పేరుకెదురుగా ఇరవైకి ఇరవై వేసి, కింద సంతకం చేశాడు. ఉద్యోగంలో చేరాక అతను తెలిసి చేసిన మొదటి పని అదే.